నేల కింద నిప్పు

అరకులో ఇంటికి అండర్‌ఫ్లోర్ హీటింగ్ పెట్టించాలా వద్దా అని రెండు నెలలుగా ఆలోచిస్తున్నానంటే మా టీమ్‌లో ఒక్కడూ నమ్మలేదు. ఆంధ్రావాళ్ళకి హీటర్ ఏంటి బాసూ, ఏసీ పెట్టించుకోక అన్నాడొకడు. మనవాళ్ళలో చాలామందికి చలి అంటే న్యూజెర్సీ, కాదంటే మనాలీ. విశాఖపట్నం నుంచి నూట పది కిలోమీటర్లు కొండెక్కితే, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, జనవరి తెల్లవారుజామున వేళ్ళు కీబోర్డు మీద ఆడని చోటొకటుందని వాళ్ళకి గుర్తొచ్చేది టీవీలో లంబసింగిని చూపించినప్పుడే. ఆ లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకి అర్థం చెబుతారు. దాని పక్కనే ఉన్న చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. కొన్ని చలికాలాల్లో వాళ్ళ థర్మామీటర్ సున్నాకి దగ్గరగా వెళ్ళింది. అరకులో అంత ఘోరం కాదుగానీ, ఐదారు డిగ్రీలంటే మాకు వింతేం కాదు.

మాది అరకులోయలో ఒక గిరిజన గూడెం. ఇంట్లో ఆదివాసీ ఒరియా, బళ్ళో తెలుగు, ఆ తర్వాత హైదరాబాదులో జావా. అలా నాకు మూడు భాషలొచ్చాయి. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, అరకు పేరెత్తగానే 'అక్కడ ఒక ఎకరం చూడు, ఫామ్‌హౌస్ కట్టుకుందాం' అనేవాళ్ళు నాకు నెలకొకరు తగులుతారు. కుదరదండీ. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ప్రకారం (వన్ ఆఫ్ సెవెంటీ అని వినే ఉంటారు) ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకూడదు. ఆ రూలే లేకపోతే ఈపాటికి ఈ ఇంటి సంగతి ఏ రిసార్టువాడో ఆలోచిస్తుండేవాడు.

సరే, విషయానికొద్దాం. మాకు ఒకే పెరట్లో రెండు ఇళ్ళున్నాయి. ఒకటి తాత కట్టిన మట్టి గోడల ఇల్లు. రెండోది నేనూ తమ్ముడూ కలిసి కట్టించిన స్లాబు ఇల్లు. స్లాబు ఇంట్లో ట్యూబులైట్లు, టైల్సు, గ్యాసు పొయ్యి, ఇంగ్లీషు బాత్రూమ్ అన్నీ ఉన్నాయి. అమ్మ మాత్రం నవంబరు రాగానే చాప చుట్టుకుని మట్టింట్లోకి పోతుంది, పొయ్యి పక్కన పడుకోవడానికి. పోతే పోనీ అనుకోవచ్చు కదా అంటారా? మూడేళ్ళుగా ఆవిడకి దగ్గు. ఊపిరితిత్తులు ఇప్పటికే దెబ్బతిన్నాయి, ఇక పొగలో ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పొగ లేని ఇంట్లో పడుకోమంటే చలికి కీళ్ళు పట్టేస్తున్నాయంటుంది. రెండూ నిజమే.

ఫ్లోర్ హీటింగ్ మాట ఇక్కడ పుట్టింది. నాకేమో ఏ వస్తువైనా కొనేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వే రోగం ఒకటుంది. ఫోన్ కొనాలన్నా ఆర్నెల్లు పడుతుంది. అలా తవ్వగా తేలిందేమిటంటే, నేల కింద నిప్పు పెట్టడం కొత్త సంగతి కాదు, పూర్తిగా విదేశీ సంగతి కూడా కాదు. ఎవరు ఎందుకు పెట్టారు, ఆ నిప్పుని ఎవరు కాచారు అన్నది మాత్రం చూడాల్సిన విషయం.

అందరూ రోమన్లతో మొదలుపెడతారు కాబట్టి నేనూ అక్కణ్ణుంచే వస్తాను. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో విట్రూవియస్ అనే ఆయన కట్టడాల మీద పది భాగాల పుస్తకం రాశాడు. అందులో స్నానశాలల నేల ఎలా కట్టాలో స్పెసిఫికేషన్ రాసినట్టే రాశాడు. 8 అంగుళాల ఇటుకలతో 2 అడుగుల ఎత్తు స్తంభాలు వరసగా కట్టాలి. వాటి మీద 2 అడుగుల పలకలు పరచాలి, వాటి మీద నేల. కింద ఖాళీలో కొలిమి వేడి తిరుగుతుంది. ఆ అడుగుభాగం కొలిమి వైపుకి వాలుగా ఉండాలట. ఎంత వాలంటే, లోపలికి ఒక బంతి విసిరితే అది ఆగకుండా వెనక్కి కొలిమి నోటి దగ్గరకి దొర్లుకుంటూ రావాలి. ఇంత మంచి టెస్ట్ కేసు ఈ రోజుల్లో కూడా ఎవరూ రాయరు. వేడి గదుల్లో నేల ఎంత కాలేదంటే కాళ్ళకి చెక్క చెప్పులు లేకుండా తిరిగేవాళ్ళు కాదు. ఆ కొలిమి దగ్గర రాత్రింబవళ్ళు కట్టె వేసేవాళ్ళు ఎక్కువగా బానిసలే. పైన నడిచేవాడికి వాళ్ళు కనబడరు.

మన దేశం సంగతికొస్తే, చరకసంహిత సూత్రస్థానంలో పద్నాలుగో అధ్యాయం స్వేదాధ్యాయం. ఒంటికి చెమట పట్టించే పద్ధతులు పదమూడు చెబుతారు అందులో. వాటిల్లో మూడు నాకు పనికొచ్చాయి. అశ్మఘన స్వేదం అంటే మనిషి పొడవున్న రాతిపలక మీద కట్టె మండించి, పలక వేడెక్కాక నిప్పులు తీసేసి, వేణ్ణీళ్ళు చల్లి, పైన దుప్పటి పరిచి పడుకోవడం. భూస్వేదం కూడా అదే, కాకపోతే రాయి బదులు నేల. ఇక కర్షూ స్వేదంలో మంచం కింద గొయ్యి తవ్వి, పొగ రాని కణకణలాడే నిప్పులు నింపి, పైన మంచమ్మీద పడుకోబెడతారు. గమనించారా, పొగ రాని నిప్పులు! దాదాపు రెండు వేల ఏళ్ళ కింద రాసినాయన కూడా మా అమ్మ డాక్టరు చెప్పిన ముక్కే చెప్పాడు. ఐతే ఇదంతా వైద్యం. రోజూ ఇల్లు కాచుకోవడం కాదు. ఆ పని కశ్మీర్‌లో చేశారు. అక్కడి మసీదులకి ఆనుకుని హమాం అని ఒక గది ఉంటుంది. నేలంతా పెద్ద రాతిపలకలు, కింద బోలు, బయటినుంచి కట్టె పెట్టి మంట. ఆ మంటే నీళ్ళూ కాస్తుంది, గదినీ కాస్తుంది. చలికాలంలో ఊరి ముసలివాళ్ళంతా గోడకి చేరగిలబడి కబుర్లు చెప్పుకునేది అక్కడే. ఒక్కో ఇంటికీ ఒక్కో మంట పెట్టుకునే బదులు ఊరంతటికీ ఒకటే మంట. నాకీ ఐడియా చాలా నచ్చింది. మా గూడెంలో చెబితే ముందు బోరు మోటారు బాగుచేయించు అంటారనుకోండి, అది వేరే సంగతి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆపింది కొరియా. వాళ్ళ పద్ధతి పేరు ఒండోల్, అంటే వెచ్చటి రాయి. వంటింటి పొయ్యి పడకగది నేలకన్నా పల్లంలో ఉంటుంది. అన్నం వండుతుంటే ఆ పొగా వేడీ పక్కగది నేల కింద సొరంగాల్లాంటి దారుల్లో పాకి, అవతలి చివర గొట్టంలోంచి బయటికి పోతాయి. పైన రాతిపలకలు, వాటి మీద మట్టి, ఆ మీద నూనె పట్టించిన కాగితం. అంటే ఒకే కట్టెతో అన్నమూ ఉడికింది, పక్కా వెచ్చబడింది, పొగ మాత్రం గదిలోకి రాలేదు. పొయ్యికి దగ్గరున్న మూల అన్నిటికన్నా వెచ్చగా ఉంటుంది. ఆ మూలకి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, ఇంట్లో పెద్దవాళ్ళకీ వచ్చిన చుట్టానికీ దాన్ని వదిలిపెడతారు. మొదట్లో ఈ ఒండోల్ గదులు ముసలివాళ్ళకీ జబ్బుపడ్డవాళ్ళకీ మాత్రమే ఉండేవట. పదిహేడో శతాబ్దం నుంచి అన్ని రకాల ఇళ్ళకీ పాకింది.

పాకాక ఏమైంది? ఇల్లిల్లూ నేల కాల్చడం మొదలుపెడితే కట్టె ఎక్కణ్ణుంచి వస్తుంది? కొరియా కొండలు బోడులవడానికి ఈ కట్టె వాడకం కూడా ఒక కారణమని అక్కడి చరిత్ర రాసేవాళ్ళంటారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కట్టె బదులు బొగ్గు బిళ్ళలొచ్చాయి. చిల్లులు చిల్లులుగా మన ఇడ్లీ పాత్ర రేకులా ఉంటాయవి. అడవి కాస్త ఊపిరి పీల్చుకుంది, మనుషులకి ఊపిరాడలేదు. నేలలో సన్నటి బీట ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి ఎగబాకేది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లన్నిట్లో నేల కింద వేణ్ణీళ్ళ పైపులే. నిప్పు బాయిలర్లోకి వెళ్ళిపోయింది. అలవాటు మాత్రం అలాగే ఉంది, సోఫా ఉన్నా దానికి వీపు ఆనించి నేల మీద కూర్చునేవాళ్ళున్నారు.

అమెరికాకి ఈ ఒండోల్ పరిచయమైన కథ కూడా తమాషాగా ఉంటుంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్టు 1910ల్లో టోక్యో వెళ్ళి, చలికి వణుకుతూ ఒక జపాన్ ధనికుడి ఇంట్లో భోంచేశాడు. తర్వాత పక్కనున్న 'కొరియా గది'లోకి తీసుకెళ్తే, ఎక్కడా హీటరన్నది కనబడకుండా ఒళ్ళంతా హాయిగా వెచ్చబడిందట. ఆ అనుభవం మనసులో పెట్టుకుని 1937లో విస్కాన్సిన్‌లో జేకబ్స్ దంపతులకి కట్టిన ఇంటి నేల కింద పైపులు వేయించాడు. పదేళ్ళ తర్వాత న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్ళకి కాంక్రీటు నేలలో రాగి పైపులు పాతిపెట్టారు. కొన్నేళ్ళకి అవి కారడం మొదలైంది. కాంక్రీటులో పాతిన పైపు కారితే ఏం చేస్తారు? నేల పగలగొట్టాలి. ప్రొడక్షన్‌లో డీబగ్గర్ తగిలించడానికి వీల్లేని కోడు లాంటిదన్నమాట.

ఇంత తిరిగొచ్చాక మళ్ళీ మా తాత మట్టింట్లోకి వెళ్ళి కూర్చుంటే, అది నాకు వేరే రకంగా కనిపించింది.

ఆ ఇంట్లో పొయ్యి గోడ పక్కన ఉండదు, ఇంటి నడుమ నేల మీద ఉంటుంది. పైన వెదురు అటక. అటక మీద చోళ్ళు, విత్తనానికి దాచిన మొక్కజొన్న పొత్తులు, ఎండుమిరప, పనసపిక్కలు. అక్కణ్ణుంచి పొగ నెమ్మదిగా గడ్డికప్పు సందుల్లోంచి బయటికి పోతుంది, పోతూ పోతూ అటక మీద గింజని ఆరబెడుతుంది, పురుగు పట్టనివ్వదు, కప్పు గడ్డికి చెద పట్టనివ్వదు. మందపాటి మట్టి గోడలు సాయంత్రం మంట వేడిని పట్టి ఉంచుకుని తెల్లారేదాకా కొద్దికొద్దిగా వదులుతాయి. రాత్రి మంట ఆర్పరు. రెండు దుంగల్ని ఎదురెదురుగా పెట్టి బూడిద కప్పితే పొద్దున్న దాకా నిప్పు బతికే ఉంటుంది. మనుషులు దాని చుట్టూ చాపలు పరుచుకుంటారు, ముసలివాళ్ళు, పసిపిల్లలు లోపలి వరసలో. అంటే రోమన్లు, కొరియన్లు నిప్పుని నేల కిందికి తీసుకెళ్తే, మావాళ్ళు పక్కనే నిప్పు దగ్గరికి తెచ్చుకున్నారు. అరకు గిరిజన మ్యూజియంలో మా ఇళ్ళ నమూనాలు చూసి ఫొటోలు దిగే ఉంటారు మీరు. అక్కడ మట్టి బొమ్మలు బావుంటాయిగానీ పొయ్యిలో నిప్పుండదు కాబట్టి సగం సంగతి అర్థం కాదు.

ఆ నిప్పుకి కట్టె కావాలి. కట్టె కావాలంటే అడవి కావాలి. ఇక్కడే మా కొండల చరిత్ర పొయ్యిలోకి వస్తుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు గీతలు గీశారు, పోడు మీద, మేత మీద, కట్టె మీద ఆంక్షలు పెట్టారు. నిన్నటిదాకా పెరట్లోకి పోయినట్టు పోయిన అడవిలోకి పోతే నేరం. గార్డు కళ్ళుమూసుకోవాలంటే కోడి ఇవ్వాలి, వెట్టి చెయ్యాలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడడానికి వెనక కారణాలు చాలా ఉన్నాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా కొండల్లోకి వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టడం అందులో ఒకటి, అడవి ఆంక్షలు ఇంకొకటి. సినిమాల్లో తుపాకులు చూపిస్తారు, కట్టెల మోపు చూపించరు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకగానీ పొదకట్టె, మొద్దులు, వెదురు లాంటివి ఏరుకోవడం మా హక్కని కాగితం మీద రాయలేదు. నూట ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

కరెంటు సంగతి ఇంకో రకం. ఎలక్ట్రిక్ ఫ్లోర్ హీటింగ్ అంటే కరెంటే కదా, కాబట్టి అదీ చెప్పాలి. అరకు నుంచి ఒడిషా సరిహద్దు వైపు వెళితే మాచ్‌ఖండ్. 1955లో అక్కడ జలవిద్యుత్తు మొదలైంది, అన్ని యూనిట్లూ కలిపి 120 మెగావాట్లు. జలాపుట్ డ్యామ్ నీళ్ళ కింద ఊళ్ళు మునిగాయి. వేలమంది, ఎక్కువమంది మాలాంటివాళ్ళే, లేచి వెళ్ళిపోయారు. అక్కడ పుట్టిన కరెంటు తీగల మీద కొండ దిగి విశాఖపట్నం పోయింది. ఆ తీగల కిందున్న గూడేల్లో చాలావాటికి బల్బు వెలగడానికి దశాబ్దాలు పట్టింది. మా ఇంట్లో మొదటి బల్బు వెలిగినప్పుడు నేను ఆరో తరగతి.

ఇక పొయ్యి ఎలా ఆరిపోతూ వచ్చిందో చూడండి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల. గ్యాసు రావడం మంచిదే, ఆ మాటలో నాకు అనుమానం లేదు. ఇళ్ళల్లో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పాత రోజులు బంగారం అని రాసేవాళ్ళు ఒకసారి మట్టింట్లో అరగంట కూర్చుని, కళ్ళు తుడుచుకుని, అప్పుడు రాయాలి. మరోపక్క ఇందిరా ఆవాస్, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్ళు, 2016 నుంచి పీఎం ఆవాస్, 2023 చివర్లో మొదలైన పీఎం జన్‌మన్. గడ్డికప్పు పోయి స్లాబు, మట్టి నేల పోయి సిమెంటు. గాలివానకి ఎగిరిపోని ఇల్లు ఎవరికి చేదు? 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా మట్టింటి కప్పు సగం లేచిపోయింది. పక్కనున్న స్లాబు ఇంట్లో పదిహేడుమంది తలదాచుకున్నారు.

ఐతే మన భాషలో చెప్పాలంటే పొయ్యి అనేది డాక్యుమెంటేషన్ లేని పాత మాడ్యూల్. పేరు 'వంట' అనుంది. లోపల చూస్తే అది ఇల్లు కాస్తోంది, గింజ ఆరబెడుతోంది, కప్పుకి మందు కొడుతోంది, రాత్రిపూట మనుషుల్ని ఒకచోట కూర్చోబెడుతోంది. పేరు చూసి ఎవరో దాన్ని తీసేసి కొత్త వంట మాడ్యూల్ పెట్టారు. వంట టెస్టులన్నీ పాసయ్యాయి. చలి గురించి ఎవరూ టెస్టు రాయలేదు కాబట్టి అది ఫెయిలైన సంగతి ఏ రిపోర్టులోనూ రాలేదు. మా అమ్మ దగ్గులోనూ, కీళ్ళనొప్పుల్లోనూ వచ్చింది.

సిమెంటిల్లు ఎందుకంత చలిగా ఉంటుందంటే, దానికి రెండు కారణాలు. ఒకటి, మంచు పట్టేముందు రాత్రిళ్ళు మా దగ్గర ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పల్చటి స్లాబు తన వేడంతా ఆ ఆకాశంలోకి వదిలేస్తుంది. పైగా లోయ గిన్నెలా ఉండడంతో కొండల మీది చల్లగాలి బరువెక్కి కిందికి జారి మా మీదే కూర్చుంటుంది. రెండోది నేల. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా సరే, టైలు మీద కాలు పెడితే పేడతో అలికిన మట్టి నేల కన్నా చల్లగా తగులుతుంది. టైలు పాదంలోని వేడిని ఎక్కువ వేగంగా లాగేస్తుంది కాబట్టి. హైదరాబాదులో మే నెలలో ఈ గుణానికే కదా మనం డబ్బులు పోసి టైల్సు వేయించుకునేది! ఆ ఫ్యాషనే కొండెక్కి మా ఇంటికి వచ్చింది, మేమే తెచ్చుకున్నాం.

కాబట్టి నేల వెచ్చబెట్టాలన్న ఆలోచన నా జీతం పెరిగి పుట్టిన విలాసం కాదనే నేననుకుంటున్నాను. తీసేసినదాంట్లో ఒక ముక్కని తిరిగి పెట్టడం అది. ఇక ఎలా, ఎంత అన్నది లెక్క.

ఇల్లంతా వేణ్ణీళ్ళ పైపులు వేయించడం మొదటే కొట్టేశాను. నేల మొత్తం తవ్వాలి. బాయిలర్ కావాలి, అది చెడితే బాగుచేసేవాడు విశాఖ నుంచి రావాలి. పైగా లావు కాంక్రీటు నేల వేడెక్కడానికి గంటలు పడుతుంది. ఆరు నెలలు మంచు కురిసే దేశంలో ఒకసారి వెలిగించి వదిలేస్తారు, వాళ్ళకి సరిపోతుంది. మాకు మధ్యాహ్నం పాతిక డిగ్రీలుండి తెల్లవారుజామున ఆరుకి పడిపోతుంది. సాయంత్రం వెలిగిస్తే అది వేడెక్కేసరికి సగం రాత్రి, చల్లారేసరికి మిట్టమధ్యాహ్నం.

కొరియావాళ్ళలా వంటింటి కట్టెపొయ్యి పొగని పడకగది అరుగు కిందుగా తిప్పడం నాకు మనసుపడ్డ పద్ధతి. ఒప్పుకుంటాను, రెండు ఆదివారాలు దాని బొమ్మలు గీశాను. మా మేస్త్రి కట్టగలడు కూడా, మట్టిపని ఆయనకి చేతిలో విద్య. కానీ బొగ్గుబిళ్ళల కథ చదివాక ధైర్యం చాలలేదు. ఆ దేశంలో తరాల అనుభవమున్న మేస్త్రులు కట్టిన నేలల్లోనే బీటలొచ్చి మనుషులు పోయారు. ఊపిరితిత్తులు పాడైన మనిషిని, మొదటిసారి కట్టిన పొగదారి మీద పడుకోబెట్టి, నేను హైదరాబాదులో నిద్రపోలేను.

మిగిలింది టైలు కింద పరిచే కరెంటు చాప. దీనికి చదరపు మీటరుకి 100 నుంచి 150 వాట్లు పడుతుంది. పన్నెండడుగులు పన్నెండడుగుల గది మొత్తం పరిస్తే కిలోవాటున్నర దాటుతుంది. మా లైను మీద సాయంత్రం వోల్టేజీకి మోటారే సరిగ్గా తిరగదు. అందుకని గది సంగతి వదిలేసి మనిషి సంగతి ఆలోచించాను. రోమన్లు నేల మీద కూర్చునేవాళ్ళు కాదు, వాళ్ళకి గదంతా కాగాలి. కొరియావాళ్ళు నేల మీద బతికేవాళ్ళు, వాళ్ళకి ఒక మూల వెచ్చగా ఉంటే చాలు. మా అమ్మ కూర్చునేదీ, బియ్యం ఏరేదీ, పడుకునేదీ నేల మీదే. మంచం కొనిచ్చాం, దాని మీద దుప్పట్లు పెట్టుకుంటుంది.

కాబట్టి ఆరడుగులు ఆరడుగులు, అంతే. మూడున్నర చదరపు మీటర్ల లోపు, 400 వాట్లు. రాత్రి పది గంటలు ఆపకుండా నడిచినా నాలుగు యూనిట్లు, థర్మోస్టాటుంటే అందులో సగం, ముప్పాతిక. మూడు నెలలకి 250 యూనిట్లు చాలు. నేల 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం. నేల మీదే పడుకునే మనిషికి ఇంకొంచెం తక్కువే పెట్టాలి. దాని కింద రెండంగుళాల నురుగుబోర్డు తప్పనిసరి, లేకపోతే సగం కరెంటుతో మనం అరకు కొండనే కాస్తాం. స్లాబు మీద కూడా ఏదో ఒక కప్పు వెయ్యాలి. నా లెక్కలో ఈ బోర్డుకీ కప్పుకీ పెట్టే ఖర్చే అసలైనది, కరెంటు చాపది ఆ తర్వాత. కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టరు మీద మూడు నాలుగు గంటలు వస్తుంది, ఆ తర్వాత దుప్పట్లే.

ఇదంతా ఫోన్లో అమ్మకి వివరించాను. ఆవిడ చివరిదాకా విని, "ఏటిరా, నేలకి నిప్పెట్టుకుంటావా?" అంది. నిప్పుండదమ్మా, తీగలుంటాయి అన్నాను. "నిప్పు లేకపోతే మరి ఎవులొచ్చి కూకుంటారు?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. సాయంత్రమైతే మా మట్టింట్లో పొయ్యి చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు, పిన్ని, పక్కింటి ముసలాయన, తమ్ముడి పిల్లలు, ఎవరో ఒకరు పిక్కలు కాలుస్తుంటారు. టైలు కింద తీగ చుట్టూ ఎవరు చేరతారు? కశ్మీర్ హమాం నాకు గుర్తొచ్చింది కానీ మూడున్నర చదరపు మీటర్లలో ఊరు పట్టదు.

తమ్ముడితో మాట్లాడి ఆఖరికి ఇలా అనుకున్నాం. కొత్తింట్లో అమ్మ మూల ఆరడుగులు తవ్వించి చాప వేయిస్తాం, సంక్రాంతి పనులకి ముందే. మట్టింట్లో పొయ్యి తియ్యం. కానీ దానిపైన అటకకి పక్కగా పొగగొట్టం ఒకటి కప్పులోంచి తీస్తాం. గింజకి పొగ తగ్గుతుందని అమ్మ గొణిగింది, ఈ ఏడు విత్తనం పొత్తులు మాత్రం పిన్నివాళ్ళ అటక మీద పెడతానంది. సాయంత్రం కూర్చోవడం అక్కడ, పడుకోవడం ఇక్కడ. ఆవిడ ఒప్పుకుందా అంటే, "సూద్దాం" అంది. మా ఇంట్లో అది సగం ఒప్పుకున్నట్టు.

చాపకి ఆర్డరు పెట్టాను, ఇంకా రాలేదు. నురుగుబోర్డు విశాఖలో దొరికింది. తమ్ముడు ఆదివారం కాఫీ పళ్ళ బస్తాలు దింపి తిరిగొచ్చే బండిలో వేసుకొస్తానన్నాడు.